ఆ వింత ప్లేటుదా, మిషన్‌దా? సీమ ఎండల్లో జాజ్ ఎల్పీలు వినేవాళ్లకు

ఎల్పీ (పెద్ద గ్రామఫోను ప్లేటు) తిరుగుతుండగా ఏదైనా తేడాగా వినిపిస్తే ముందు దాన్ని తిప్పే మిషన్‌నే అనుమానిస్తాం. జాజ్ దగ్గర ఆ అనుమానం చాలాసార్లు తప్పుతుంది. ఈ సంగీతంలో కొన్ని గొప్ప ఆల్బమ్‌లు పుట్టుకతోనే వింతవి. ఒకటి టేపు వేగం తప్పి రికార్డయింది. ఇంకోదానికి నాలుగో వైపు దాదాపు ఖాళీ. మరోదాంట్లో వాయించినవాళ్లకు ఆ వాయిద్యాల మీద అలవాటే లేదు. ఇవి తెలియక ముల్లు (గాడిలో నడిచే సూది) మార్చి, బెల్టు మార్చి, ఆఖరికి మంచి ప్లేటును మూల పడేసేవాళ్లున్నారు. అలాగని అన్నీ ప్లేటు వింతలే అనుకోవడానికీ లేదు. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండ, దుమ్ము, బోరు నీళ్లు, ఎండిపోయిన ఎర్త్ గుంటలు మిషన్‌కు నిజమైన జబ్బులే తెచ్చిపెడతాయి. కాబట్టి ముందు మన వైపు లోపాలన్నీ తీసేయాలి. తర్వాత ఆ వింత ఆల్బమ్‌లతోనే మిషన్‌ను పరీక్షించాలి. ఈ పనికి అంతకంటే మంచి పనిముట్లు లేవు.

కడగడం

బోరు నీళ్లతో ప్లేటు కడగొద్దు. బిందె అడుగున కట్టే తెల్లపొరే గాడిలోనూ కడుతుంది, ముల్లు దాని మీదుగా పోతుంటే చిటపటలు వస్తాయి. ఫిల్టర్ నీళ్లలో కూడా కొంత ఉప్పు మిగిలే ఉంటుంది. బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి. అది నిజంగా డిస్టిల్డ్ అవునో కాదో తెలియాలంటే శుభ్రమైన అద్దం ముక్క మీద నాలుగు చుక్కలు వేసి ఆరనివ్వండి. మచ్చ మిగిలితే ఆ డబ్బా ఇన్వర్టర్‌కు కూడా మంచిది కాదు, తిరిగి ఇచ్చేయండి.

లీటరు డిస్టిల్డ్ నీళ్లకు 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలు, రంగూ వాసనా లేని గిన్నెల లిక్విడ్ రెండే రెండు చుక్కలు. ఆ చుక్కలు లేకపోతే నీళ్లు ప్లేటు మీద ముత్యాల్లా నిలబడి గాడి లోపలికి దిగవు. ఎక్కువైతే సబ్బు గాడిలో మిగిలి, రెండు మూడుసార్లు వాయించేసరికి ముల్లు కొనకు జిగురు ఉండ కడుతుంది. నడుమ లేబుల్ తడవకుండా స్టీలు డబ్బా మూత ఒకటి బోర్లించి పట్టుకోండి. నూగున్న మెత్తటి గుడ్డతో గాడులు తిరిగే దిక్కునే, ఒక్కో వైపు పది పన్నెండు చుట్లు తుడవండి. అడ్డంగా తుడవద్దు. తర్వాత వేరే గుడ్డతో, ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో ఇంకోసారి. ఈ రెండో కడుగుడు దండగ అనిపిస్తుంది గానీ, మురికిని నిజంగా బయటికి తెచ్చేది ఇదే. ఆరబెట్టడానికి వంటింటి స్టీలు ప్లేట్ల స్టాండు సరిగ్గా సరిపోతుంది. ఫ్యాను ఆపేయండి, తడి ప్లేటు మీద వాలిన దుమ్ము గాడిలోనే ఎండి అతుక్కుంటుంది. తలుపులు మూసిన గదిలో, ఎండాకాలం అరగంటలో ఆరిపోతుంది.

వేసవిలో ఇంకో బాధ ఉంది. పొడిగాలికి ప్లేటు మీద స్టాటిక్ కరెంటు పుట్టి, కవర్లోంచి తీయగానే దుమ్మును లాగేసుకుంటుంది. పొడిగుడ్డతో రుద్దితే ఇంకా పెరుగుతుంది. కాగితం లోకవర్లు తీసేసి మెత్తటి పాలిథిన్ లోకవర్లు వేయండి. గదిలో ఎయిర్ కూలర్ ఒక పావుగంట తిప్పితే గాలిలో తేమ పెరిగి స్టాటిక్ తగ్గుతుంది. అయితే కూలర్ గాలి నేరుగా మిషన్ మీదికి కొట్టకూడదు, దాంతో వచ్చే తుంపర, దుమ్ము రెండూ ముల్లుకు మంచివి కావు.

కూర్చోబెట్టడం

ఈ విషయంలో మన ప్రాంతం అదృష్టం చేసుకుంది. టర్న్‌టేబుల్ (ప్లేటు తిప్పే మిషన్) కింద వేయడానికి బయటివాళ్లు వేలు పోసి కొనే బరువు పలక మనకు బండల మిల్లులో ముక్కగా దొరుకుతుంది. కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ ఏదైనా సరే. 45 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పు, 2 మందం ఉన్న ముక్క సుమారు 9 కిలోలు తూగుతుంది. అంచులు నున్నగా కోయించుకోండి. బండను ఉత్తగా బల్ల మీద పెడితే సగం పనే అవుతుంది, రాయి అదురును మోసుకుపోతుంది కూడా. దాని కింద నాలుగు మూలలా స్పంజి రబ్బరు ముక్కలో, సగానికి కోసిన టెన్నిస్ బంతులో పెట్టాలి. బరువు పైన, మెత్తన కింద ఉంటేనే అదురు పైకెక్కదు. తర్వాత మేస్త్రీల దగ్గరుండే రసమట్టం తెచ్చి రెండు దిక్కులా చూడండి. వాలు ఉంటే ముల్లును మోసే చెయ్యి ఒక పక్కకు జారి, ఒక స్పీకర్లోనే గరగర వస్తుంది. స్పీకర్లు మాత్రం ఈ బండ మీదకు ఎక్కించవద్దు.

"గుయ్" మని సన్నగా రొద వస్తుంటే ముందు టర్న్‌టేబుల్ వెనక వేలాడే ఎర్త్ తీగ ఫోనో యాంప్లిఫయర్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెంచే పెట్టె) మరకు బిగించి ఉందో లేదో చూడండి. బిగించినా తగ్గకపోతే ఇంటి ఎర్త్ మీద కన్నేయాలి. ఎండాకాలం ఎర్త్ గుంట ఎండిపోతే ఎర్త్ పేరుకే ఉంటుంది. గుంటలో రెండు బిందెల నీళ్లు పోసి మర్నాడు విని చూడండి. రొద కాకుండా "జుర్" మని కీచుగా వస్తే అది ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ పని కావచ్చు. ఫ్యాను పూర్తిగా ఆపితే పోతుందా లేదా అన్నదే పరీక్ష.

వేగం

33⅓ వేగం (నిమిషానికి అన్ని చుట్లు) సరిగా ఉందో లేదో చూడటానికి ఏ పరికరమూ అక్కర్లేదు. లేబుల్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ముల్లు ప్లేటు మీద ఉండగానే చుట్లు లెక్కపెట్టండి. మూడు నిమిషాలకు కచ్చితంగా 100 చుట్లు రావాలి. 45 అయితే రెండు నిమిషాలకు 90. ముల్లు దించకుండా లెక్కపెడితే లాభం లేదు, బెల్టు సాగి ఉంటే ముల్లు బరువు పడ్డాకే జారుతుంది.

గీతల స్ట్రోబ్ చక్రం (వేగం సరిగా ఉంటే లైటు కింద గీతలు కదలనట్టు కనిపించే చక్రం) వాడేవాళ్లు మన 50 హెర్ట్జ్ కరెంటుకు గీసింది తెచ్చుకోవాలి. దాంట్లో 33⅓ వరసకు 180 గీతలు ఉంటాయి. 216 గీతలు ఉంటే అది అమెరికా కరెంటుది, మన ఇంట్లో ఎప్పుడూ తప్పే చూపిస్తుంది. ఎల్ఈడీ బల్బులు చాలావాటికి సరిపడా మినుకు ఉండదు కాబట్టి గీతలు నిలబడవు. పాత చోకు ట్యూబ్‌లైటు కిందో, స్విచ్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే నియాన్ ఇండికేటర్ దగ్గరో చూడండి.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన పాత మిషన్లతో జాగ్రత్త. సింక్రనస్ మోటార్ ఉన్నవి వోల్టేజీని కాదు, హెర్ట్జ్‌ను చూసి తిరుగుతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 60 హెర్ట్జ్ మిషన్ మన దగ్గర ఆరోవంతు నెమ్మదిగానే తిరుగుతుంది. 33⅓ కాస్తా 27.8 అవుతుంది, శ్రుతి మూడు అరమెట్ల పైచిలుకు పడిపోతుంది. దానికి 50 హెర్ట్జ్ పుల్లీ మార్చడమే మందు. ఇదే మోటారు సైన్‌వేవ్ కాని ఇన్వర్టర్ మీద నడిస్తే గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. కరెంటు పోయినప్పుడు అలాంటి ఇన్వర్టర్ మీద వినకపోవడమే మంచిది. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటార్లకు ఈ గొడవ లేదు.

ముల్లు, బరువు

ఏ కార్ట్రిడ్జ్‌కైనా (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా) ముల్లు ప్లేటు మీద మోపాల్సిన బరువు కంపెనీ చెప్పింది ఒకటుంటుంది. ఆడియో టెక్నికా ఏటీ వీఎం95ఈ కి 2.0 గ్రాములు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు. ముందు యాంటీస్కేట్ (చెయ్యి లోపలికి లాగకుండా ఆపే మీట) సున్నాకు తిప్పండి. వెనక బరువు తిప్పుతూ చెయ్యి గాలిలో నేలకు సమంగా తేలేదాకా తేండి. అప్పుడు అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకు జరిపి, తర్వాత మొత్తం బరువును కావలసిన అంకెదాకా తిప్పండి. యాంటీస్కేట్ కూడా అదే అంకెకు పెట్టండి. బంగారం తూచే చిన్న డిజిటల్ తక్కెడతో సరిచూసుకోవచ్చు. కాకపోతే తక్కెడ పళ్లెం ప్లేటు ఎత్తులోనే ఉండాలి. ఎత్తు మారితే కొన్ని చేతుల్లో లెక్క మారుతుంది.

తక్కువ బరువైతే ప్లేటు అరగదనే నమ్మకం చాలామందిలో ఉంది. ఇది తలకిందులు. బరువు చాలకపోతే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడలను కొడుతుంది. చెప్పిన హద్దులో కాస్త పై అంకెకే పెట్టుకోండి. అరుగుదలకు అసలు కారణం దుమ్ము, పాతబడ్డ ముల్లు. గుండ్రటి ముల్లు 500 గంటలు, కోలముల్లు 300 గంటలు వస్తాయి. రోజుకొక ఎల్పీ వినేవాళ్లు కోలముల్లును ఏడాదిలోపే గమనించుకోవాలి. ముల్లు తుడిచేటప్పుడు కుంచెను వెనకనుంచి ముందుకే లాగండి. పక్కలకు తుడిస్తే ముల్లును పట్టుకున్న సన్నటి పుల్ల విరుగుతుంది.

కొలకాగితం ముద్రించుకుని కార్ట్రిడ్జ్ కోణం సరిచేసేవాళ్లు ముందు దాని మీది గీతను స్కేలుతో కొలవండి. ప్రింటర్ పేజీని కుదించి ఉంటే పనంతా వృథా.

ఆల్బమ్‌లతో పరీక్ష

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మొదట ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ". ఇది 1959లో రెండు విడతలుగా రికార్డయింది: మార్చి 2న మొదటి వైపు మూడు పాటలు, ఏప్రిల్ 22న రెండో వైపు రెండూ. మార్చి నాటి టేపు మిషన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా రికార్డయినదాన్ని మామూలు వేగంతో వాయిస్తే శ్రుతి పైకి పోతుంది. 1992లో అదే రోజు వేరే మిషన్‌లో పట్టిన టేపు నుంచి సరిచేసేదాకా మొదటి వైపు అలా పైకి పోయిన శ్రుతితోనే అచ్చయింది. తేడా అరమెట్టు కంటే తక్కువే గానీ, శ్రుతిపెట్టె పక్కన పెడితే పట్టుబడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. ఫోన్‌లో శ్రుతిపెట్టె తెరిచి రెండు శ్రుతికి పెట్టండి. "సో వాట్" ఆ షడ్జం మీదే నిలబడుతుంది. మన చెవికి అది ఖరహరప్రియ స్వరాలే. నడుమ ఎనిమిది ఆవృతాలు మొత్తం షడ్జమే అరమెట్టు పైకి జరిగి మళ్లీ దిగుతుంది, ఆ భాగాన్ని పక్కన పెట్టండి. తర్వాత ప్లేటు తిప్పి, ఐదు శ్రుతికి పెట్టి "ఆల్ బ్లూస్" వినండి. అక్కడ హరికాంభోజి ఛాయ వినిపిస్తుంది. రెండు వైపులా శ్రుతి కలిస్తే మీది సరిచేసిన అచ్చు, మిషన్ బాగుంది. మొదటి వైపే పైకి ఉంటే పాత అచ్చు, మిషన్ అప్పటికీ బాగున్నట్టే. రెండు వైపులూ పైకో కిందికో పోతే తప్పు మీ మోటారుదో బెల్టుదో. ఒక శాతం వేగం తేడాకు శ్రుతి అరమెట్టులో ఆరోవంతు కదులుతుంది, కాబట్టి ఈ పద్ధతిలో చిన్న తేడాలు కూడా దొరుకుతాయి.

ఇదే మొదటి వైపు చివర "బ్లూ ఇన్ గ్రీన్" ఉంది. అందులో జిమ్మీ కాబ్ డ్రమ్మును కర్రలతో కాక తీగకుంచెలతో వాయిస్తాడు. వాకిలి ఊడుస్తున్నట్టు సన్నటి సరసర. కొత్తగా వినేవాళ్లు దాన్ని దుమ్ము చప్పుడు అనుకుని మళ్లీ కడగడానికి తీస్తారు. దుమ్ము చప్పుడుకు తాళం ఉండదు, కుంచెకు ఉంటుంది. పాటతో పాటు ఊపిరి పీల్చినట్టు వస్తూపోతుంటే అది సంగీతమే.

ఎడమ కుడి తీగలు తారుమారైనాయేమో చూడాలంటే ఆర్నెట్ కోల్‌మన్ "ఫ్రీ జాజ్" పెట్టండి. 1960 డిసెంబరు 21న రికార్డైన ఈ ముప్పై ఏడు నిమిషాల వాయింపులో రెండు జట్లు, ఒక్కో జట్టులో నలుగురు. ఎడమ స్పీకర్లో కోల్‌మన్ ఆల్టో సాక్సోఫోన్ జట్టు, కుడి స్పీకర్లో ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్ జట్టు. బేస్ క్లారినెట్ గొంతు బావిలోంచి వచ్చినట్టు లోతుగా ఉంటుంది, పోల్చుకోవడం కష్టం కాదు. అది ఎడమనుంచి వస్తుంటే కార్ట్రిడ్జ్ వెనక తీగలు చూడండి: తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. ఒకే డబ్బాగా ఉండే బ్లూటూత్ స్పీకర్లో ఈ ఆల్బమ్ వినవద్దు. ఎనిమిది మంది ఒకే కుప్పలో పడి సంతగోలలా వినిపిస్తుంది, తప్పు కోల్‌మన్‌ది అనుకుంటారు. ఫోనే దిక్కైతే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

తీగల్లో ప్లస్ మైనస్ ఒక పక్కే తారుమారైతే వేరే లక్షణం కనబడుతుంది. మోనో ప్లేటు (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం వచ్చేది) పెట్టినప్పుడు గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలబడకుండా ఎక్కడుందో తెలియకుండా పోతుంది, బేస్ పలచబడుతుంది.

ముల్లు గాడిని సరిగా పట్టుకుంటోందా అన్నదానికి మన చెవికి తెలిసిన వాయిద్యమే మంచి సాక్షి. జాన్ మెక్‌లాఫ్లిన్, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్‌ల "శక్తి" మొదటి ఆల్బమ్, 1976లో వచ్చింది, కచేరీలో పట్టినది. అందులో విక్కు వినాయక్రం ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం ఉన్నాయి. ఘటం మీద ప్రతి దెబ్బా మట్టి పలికినట్టు విడివిడిగా రావాలి. వేగం పెరిగినచోట దెబ్బలు ఒకదాన్నొకటి పూసుకుంటే బరువు ఒక చిటికెడు, అంటే 0.1 గ్రాము పెంచి మళ్లీ వినండి. కంపెనీ హద్దు మాత్రం దాటవద్దు. పాత ఇళ్లలో, పాత సామాన్ల కొట్లలో దొరికే అవకాశం ఉన్న ఇంకో మంచి సాక్షి శంకర్-జైకిషన్ 1968లో చేసిన "రాగా జాజ్ స్టైల్". పదకొండు రాగాలు, రయీస్ ఖాన్ సితార్, చుట్టూ సాక్సోఫోన్, ట్రంపెట్, డ్రమ్స్. సినిమా సంగీత దర్శకులు చేశారు కదా అని తీసిపారేయవద్దు, తోడి, భైరవి ఈ వేషంలో ఎంత హుందాగా నడుస్తాయో వినాల్సిందే. సితార్ మీటు గట్టిగా పడినచోట జవారీ (తీగ జుమ్మనే నాదం) మెరవాలి. మెరవకుండా చిరిగితే ముల్లు పని అయిపోయింది.

లేబుల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రమే పియానో చిరుగుతుంటే అందులో సగం పాపం ప్లేటు ఆకారానిది. చుట్టు ఒకటే సమయం తీసుకున్నా, అంచున ముల్లు కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపల 21 మాత్రమే. అదే సంగీతం తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. కోణం సరిచేస్తే తగ్గుతుంది, గుండ్రటి ముల్లు నుంచి కోలముల్లుకు మారితే ఇంకా తగ్గుతుంది, పూర్తిగా పోదు. కీత్ జారెట్ "కోల్న్ కాన్సర్ట్" (1975 జనవరి 24) లో మాత్రం పియానోయే పేదది. ఆ రాత్రి అనుకున్న పియానోకు బదులు చిన్నది, సరిగా లేనిది దొరికింది. బేస్ వైపు బలం లేక, పై స్వరాలు గీరుకుపోతుంటే ఆయన నడిమి స్వరాల్లోనే తిరుగుతూ ఎడమచేత్తో ఒకే వరసను తిప్పితిప్పి వాయించాడు. నడుమ వచ్చే మూలుగులు, కూనిరాగం జారెట్ గొంతే. బిల్ ఎవాన్స్ "వాల్ట్జ్ ఫర్ డెబ్బీ" లో గ్లాసుల గలగల, పిచ్చాపాటీ అలాంటివే. అది న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బు, 1961 జూన్ 25. ఆ గ్లాసు చప్పుడు గాజు చప్పుడులా వినిపిస్తే మీ మిషన్ బాగా కుదిరినట్టే.

కొన్ని ప్లేట్లు ఎంత కడిగినా ఒకేలా ఉంటాయి. పీటర్ బ్రోట్స్‌మన్ "మషీన్ గన్" (1968) లో ఎనిమిది మంది కలిసి వాయించే మొదటి నిమిషమే స్పీకర్ చిరిగినట్టు ఉంటుంది. ఆ పగులు అందులోదే, వాల్యూము తగ్గించి వినండి గానీ ముల్లు జోలికి పోవద్దు. సన్ రా "స్ట్రేంజ్ స్ట్రింగ్స్" లో ఆయన తన ఊదే వాద్యగాళ్ల చేతికి వాళ్లకు అలవాటు లేని తీగ వాయిద్యాలు ఇచ్చి వాయించమన్నాడు. శ్రుతి కలవడంలేదని వేగం సరిచేయడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఇదే సన్ రా "కాస్మిక్ టోన్స్ ఫర్ మెంటల్ థెరపీ" లో గుహలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని కూడా కావాలని పెట్టిందే. డ్రమ్మర్ టామీ హంటర్ టేపు మిషన్ బయటికిచ్చే తీగను తిరిగి లోపలికి కలిపి పుట్టించాడు. లెన్నీ ట్రిస్టానో 1956 ఆల్బమ్‌లో "లైన్ అప్" పియానో కాస్త రేకు డబ్బా గొంతుతో ఉంటుంది, టేపు వేగంతో ఆడుకున్న ఫలితం అది.

గది రొద ఎంత తగ్గిందో తేల్చేది రహసాన్ రోలండ్ కర్క్ "ద కేస్ ఆఫ్ ద త్రీ సైడెడ్ డ్రీమ్ ఇన్ ఆడియో కలర్" (1975). రెండు ప్లేట్లు, పేరులోనే చెప్పినట్టు సంగీతం మూడు వైపులే. నాలుగో వైపు దాదాపు నిశ్శబ్దం, ఎక్కడో కాసేపు టెలిఫోన్ మాట. ఆ ఖాళీ గాడి మీద ముల్లు పెట్టి వాల్యూము మామూలుకంటే కొంచెం ఎక్కువ చేయండి. వినిపించేదంతా మీ మిషన్, మీ ఎర్త్, మీ కడుగుడు. ఫోన్ మాట రాకముందే వాల్యూము తగ్గించుకోండి.

ఇంతకుముందు జాజ్ వినని ఇంట్లోవాళ్లకు ఈ చివరివి ముందే పెట్టవద్దు. అలీ అక్బర్ ఖాన్ సరోద్, జాన్ హ్యాండీ సాక్సోఫోన్ కలిసిన "కరుణా సుప్రీమ్" (1975), తర్వాత డేవ్ బ్రూబెక్ "టైమ్ అవుట్" (1959) వినిపించండి. "టేక్ ఫైవ్" లో ఐదు దెబ్బలు మూడూ రెండుగా విరుగుతాయి. మన ఖండచాపు రెండూ మూడుగా విరుగుతుంది. చేత్తో తాళం వేస్తూ వింటే ఈ తేడా తమాషాగా తగులుతుంది, ఎనిమిదేళ్ల పిల్లలు కూడా పట్టుకుంటారు.

78 ప్లేట్లు

నిమిషానికి 78 చుట్లు తిరిగే, తాతలనాటి బరువైన నల్ల ప్లేట్లు లక్కవి. వీటికి ఆల్కహాలు తగిలితే పైపొర కరిగి గాడి పోతుంది, మళ్లీ రాదు. ఉత్త డిస్టిల్డ్ నీళ్లు, ఒక చుక్క లిక్విడ్ చాలు. వెంటనే తుడిచి ఆరబెట్టండి, నానబెట్టవద్దు. గాడి వెడల్పు కాబట్టి ముల్లు కూడా 3 మిల్‌ది (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) కావాలి. ఎల్పీ ముల్లు 0.7 మిల్, అది గాడి అడుగున చెత్తలో దొర్లుతూ బుసబుస తప్ప ఏమీ వినిపించదు. తాళం ఇచ్చే గ్రామఫోను ఉంటే ఒక్కో ఉక్కు పిన్నును ఒక్క వైపుకే వాడండి, దాని మీద ఎల్పీని మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

ఆ 78 ప్లేట్ల కాలం వింతల్లో రెండు వెతికి వినదగ్గవి. 1941లో సిడ్నీ బెషే ఒక్కడే ఆరు వాయిద్యాలు వాయించి "ద షేక్ ఆఫ్ అరబీ" చేశాడు: క్లారినెట్, రెండు రకాల సాక్సోఫోన్లు, పియానో, బేస్, డ్రమ్స్. అప్పటికి టేపు లేదు. ఒక ప్లేటు వాయిస్తూ దానిమీద ఇంకోటి వాయించి కొత్త ప్లేటు కోయాలి. ప్రతి పొరకూ ముందరి పొర మసకబారుతుంది, అందుకే వెనకున్న వాయిద్యాలు పక్కింట్లో ఉన్నట్టు వినిపిస్తాయి. పెళ్లిళ్ల బ్యాండుమేళంలో క్లారినెట్ వింటూ పెరిగిన చెవికి బెషే వణుకు వెంటనే చుట్టమవుతుంది. రెండోది డ్యూక్ ఎల్లింగ్టన్ 1932 ఫిబ్రవరిలో చేసిన మెడ్లీలు (పాటలను గుదిగుచ్చిన మాలికలు). అప్పుడు రెండు మైకులతో రెండు మిషన్ల మీద విడివిడిగా ప్లేట్లు కోశారు. దశాబ్దాల తర్వాత పాత ప్లేట్లు సేకరించేవాళ్లు ఆ రెంటినీ జతకలిపితే, స్టీరియో అమ్మకానికి రాని కాలంనాటి వాద్యబృందం గదిలో ఎడమా కుడీ విచ్చుకుని కూర్చుంది.

ఎండ

ప్లేట్లు నిలువుగానే పెట్టండి, వాలిస్తే వంగుతాయి. అట్ట 31.5 సెంటీమీటర్లు కాబట్టి అరకు 34 ఎత్తు చాలు. వంద ఎల్పీలు పాతిక కిలోల పైనే ఉంటాయి, మన ఇళ్లలోని కడప బండ అరలు ఆ బరువును నిశ్చింతగా మోస్తాయి. కానీ పడమటి గోడ, పై మిద్దె గది వద్దు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి ఆ గోడ చేయి పెట్టలేనంత కాలుతుంది. చెదలు గోడ వెంబడే వస్తాయి, అట్టలను గోడకు నాలుగు వేళ్ల దూరంగా ఉంచి నెలకొకసారి వెనక చూడండి. బెంగళూరు నుంచో చెన్నై నుంచో కొని తెచ్చేటప్పుడు కారు డిక్కీలో వదిలి భోజనానికి దిగవద్దు. ఎండలో నిలిపిన కారు గంటలోనే ప్లేటును గిన్నెలా వంచేస్తుంది. బస్సులో అయితే ఒళ్లో నిలువుగా పెట్టుకోవడమే.

కంప్యూటర్లోకి ఎక్కించడం

ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, చాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. ఇరవై నిమిషాల వైపు సుమారు 345 ఎంబీ వస్తుంది, ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా కుదించే ఫైలు) మారిస్తే బాగా తగ్గుతుంది. అన్నిటికంటే గట్టి చోటు ముందే వాయించి చూసుకుని, శిఖరం మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఆగేలా పెట్టండి. పైన కొట్టుకుని తెగిపోయిన శబ్దాన్ని తర్వాత ఎవరూ అతికించలేరు. 78 ప్లేటును స్టీరియోలోనే ఎక్కించి ఎడమ, కుడి విడివిడిగా వినండి. గాడికి రెండు గోడలుంటాయి, ఒకటి ఎక్కువ అరిగి ఉండొచ్చు. శుభ్రంగా ఉన్న గోడనే ఉంచుకోండి, రెండూ సమంగా ఉంటే కలిపి మోనో చేయండి.

చిటపటలను ఒక్కొక్కటిగా చేత్తో తీయండి. రొద తగ్గించే మీటను గట్టిగా తిప్పితే ముందు పోయేవి కాబ్ తీగకుంచెలు, తర్వాత డ్రమ్స్ కంచు తాళాల (సింబల్స్) సన్నటి మోత. అసలు ఎక్కించిన ఫైలును ముట్టకుండా వేరే పెట్టి, నకలు మీదే పనిచేయండి.

ఫైలు పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైలు, అట్టలో ఒక చీటీ పెట్టండి. ముల్లు పేరు, బరువు, తేదీతో పాటు ఏ వింత ప్లేటుదో రాయండి: "పాత అచ్చు, మొదటి వైపు శ్రుతి పైకి ఉంది, మిషన్ తప్పు కాదు." "నాలుగో వైపు ఖాళీ, చెడిపోలేదు." "గొంతు మూలుగులు జారెట్‌వి." మీ తర్వాత ఆ ప్లేటు పట్టుకునేవాళ్లు ముల్లు మార్చడానికి లేవకముందు ఆ చీటీ చదువుతారు.